పరుల గొంతుకు వేదిక కట్టిన యూనా మార్సన్

క్రికెట్ అభిమానులైన పెన్షనరు మిత్రులకు జమైకా పేరు కొత్త కాదు. ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కామెంటరీ విన్న తరం మనది. 1976లో కింగ్‌స్టన్ నగరంలోని సబీనా పార్కు మైదానంలో మైకేల్ హోల్డింగ్ బంతులకు మన ఆటగాళ్ళు దెబ్బలు తిన్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే ఆ కింగ్‌స్టన్ నుంచే బయలుదేరి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండను రేడియోలో వేలాది కుటుంబాలకు తమ బిడ్డల గొంతు వినిపించిన మహిళ ఒకరున్నారని మనలో బహు కొద్దిమందికే తెలుసు. ఆమె పేరు యూనా మార్సన్.

ఆమె రాణీ కాదు, మంత్రీ కాదు. షార్ట్‌హ్యాండు నేర్చుకుని, ఆఫీసు పనితో జీవితం మొదలుపెట్టిన మధ్యతరగతి మనిషి. దైవభక్తి, దానగుణం, రచనాశక్తి మూడూ ఉన్నా, వాటిలో ఏదీ ఆమెకు సుఖజీవితం ఇవ్వలేదు. ఆమె నాటిన మొక్కలు మాత్రం ఆమె కుర్చీ దిగిన తరువాత వృక్షాలయ్యాయి. మనం కూడా ఒకప్పుడు కుర్చీలు దిగి వచ్చినవాళ్ళమే కనుక, ఈ కథ మనకు తెలియవలసినది.

పాస్టరు గారి కడగొట్టు బిడ్డ

యూనా మార్సన్ 1905 ఫిబ్రవరి 6న జమైకా దీవిలోని సెయింట్ ఎలిజబెత్ జిల్లాలో జన్మించారు. తండ్రి సాలమన్ మార్సన్ బాప్టిస్టు చర్చి పాస్టరు. ఆరుగురు సంతానంలో ఆమే ఆఖరు. అప్పటికి జమైకా బ్రిటిషు వలస రాజ్యం. ఆ దేశ ప్రజల్లో అత్యధికులు చెరకు తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి. బానిసత్వం పోయాక తోటల్లో పనివాళ్ళు చాలక, 1845 నుంచి మన దేశపు కూలీలను కూడా ఓడల మీద అక్కడికి తీసుకువెళ్ళారు.

ఆ దీవిలో బాప్టిస్టు చర్చికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 1831 డిసెంబరులో బానిసలు చేసిన పెద్ద తిరుగుబాటుకు నాయకుడైన శామ్యూల్ షార్ప్ బాప్టిస్టు సంఘంలో డీకనుగా ఉన్నవాడే. ఆయనను 1832లో ఉరి తీశారు. తరువాత రెండేళ్ళకే బానిసత్వ రద్దు చట్టం అమలులోకి వచ్చింది, 1838లో పూర్తి స్వేచ్ఛ లభించింది. అందువల్ల ఆ చర్చిలో పెరిగిన బిడ్డకు ప్రార్థన వేరు, పీడితుల పక్షాన నిలబడడం వేరు అనిపించదు. యూనా జీవితమంతా ఈ రెండూ కలిసే నడిచాయి.

పదేళ్ళ వయసులో ఆమెను హాంప్టన్ అనే ఆడపిల్లల బోర్డింగు స్కూలులో చేర్చారు. ఆ ఏడాదే తండ్రి కాలం చేశారు. సంపాదించే మనిషి పోగానే ఇల్లు ఎలా తలకిందులవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. కుటుంబం కింగ్‌స్టన్‌కు తరలింది. యూనా స్కూలు చదువు పూర్తి చేయగలిగారు గాని కాలేజీ గడప తొక్కలేకపోయారు.

షార్ట్‌హ్యాండు నుంచి సంపాదకత్వానికి

ఆమె మొదటి ఉద్యోగం సాల్వేషన్ ఆర్మీలో. బీదలకు అన్నం పెట్టడమే ప్రార్థనగా భావించే ఆ క్రైస్తవ సంస్థ గురించి మనవాళ్ళకూ తెలుసు. కింగ్‌స్టన్ మురికివాడల పేదరికాన్ని యూనా అక్కడ పని చేస్తూ దగ్గరగా చూశారు. పిల్లల గురించి తరువాత ఆమె పడిన తపనకు బీజం ఆ రోజుల్లోనే పడిందనుకోవచ్చు.

1926లో ఆమె 'జమైకా క్రిటిక్' అనే పత్రికలో సహాయ సంపాదకురాలిగా చేరారు. రెండేళ్ళు పని నేర్చుకుని, 1928లో 'కాస్మొపాలిటన్' పేరుతో సొంత మాసపత్రిక ప్రారంభించారు. జమైకాలో పత్రిక స్థాపించి, తానే సంపాదకత్వం వహించిన తొలి మహిళ ఆమే. అప్పటికి ఆమె వయసు 23 ఏళ్ళు. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళ సమస్యలు, స్త్రీల హక్కులు, స్థానిక రచయితల కథలు, కవితలు ఆ పత్రికలో వచ్చేవి. డబ్బు చాలక 1931లో పత్రిక మూతపడింది.

ఈలోగా 1930లో ఆమె మొదటి కవితా సంపుటి 'ట్రాపిక్ రెవరీస్' వెలువడి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జమైకా ఇచ్చే మస్‌గ్రేవ్ పతకం తెచ్చిపెట్టింది. ఆ వెంటనే రెండో సంపుటి వచ్చింది. 'ఎట్ వాట్ ఎ ప్రైస్' అనే నాటకాన్ని కింగ్‌స్టన్‌లో ప్రదర్శించారు. పల్లె నుంచి పట్నానికి ఉద్యోగానికి వచ్చిన ఒక పిల్ల, పై అధికారి చేతిలో మోసపోవడం అందులోని ఇతివృత్తం. 1930ల ఆరంభంలో ఆఫీసు స్టెనో జీవితాన్ని రంగస్థలం మీద పెట్టడం సాహసమే. 1932లో ఆమె లండను ఓడ ఎక్కారు.

లండనులో ఎదురైన గోడ

లండనులో ఆమెకు ఆశ్రయమిచ్చినవారు డాక్టర్ హెరాల్డ్ మూడీ. ఆయనా జమైకా వారే. 1904లో వచ్చి వైద్యవిద్యలో బహుమతులతో ఉత్తీర్ణులైనా, నల్లవాడన్న కారణంగా ఆసుపత్రి ఉద్యోగం దొరకలేదు. పెకం అనే పేటలో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుని బీదల డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. పరమ దైవభక్తుడు. నల్లజాతివారి హక్కుల కోసం 1931లో లీగ్ ఆఫ్ కలర్డ్ పీపుల్స్ అనే సంఘాన్ని స్థాపించారు.

షార్ట్‌హ్యాండు వచ్చినా, సంపాదకురాలిగా అనుభవం ఉన్నా, యూనాకు లండను ఆఫీసుల్లో ఉద్యోగం రాలేదు. తెల్లవారి పక్కన నల్లపిల్లను కూర్చోబెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. గదులు అద్దెకు ఇచ్చేవారు కూడా తలుపు తెరిచి, మనిషి రంగు చూసి మూసేసే కాలం అది. ఆ స్థితిలో ఆమె మూడీ గారి సంఘానికి జీతం లేని సహాయ కార్యదర్శిగా పని చేశారు. సంఘం పత్రిక 'ది కీస్' సంపాదకత్వ బాధ్యతా వహించారు. పియానోలో తెల్ల మెట్లూ నల్ల మెట్లూ కలిస్తేనే సంగీతం పుడుతుందన్న భావంతో ఆ పత్రికకు ఆ పేరు పెట్టారు.

సంఘ సభ్యులే నటీనటులుగా ఆమె నాటకాన్ని 1933లో లండనులో ప్రదర్శించి, 1934 ఆరంభంలో పేరున్న స్కాలా థియేటరులో మళ్ళీ వేశారు. నటులు ఎవరూ వృత్తి కళాకారులు కారు, ఉద్యోగులూ విద్యార్థులే. సంఘ వార్షికోత్సవాలకు నాటకాలు వేసిన మన మిత్రులు ఆ శ్రమను ఊహించుకోగలరు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆమె తొలి కవితలు ఆంగ్ల కవుల బాటలో నడిచినవి. లండను అవమానాల తరువాత ఆమె గొంతు మారింది. 1937లో వచ్చిన 'ది మాత్ అండ్ ది స్టార్' సంపుటిలో తన నల్లని మేనిని, రింగుల జుట్టును చిన్నచూపు చూసే లోకాన్ని నిలదీశారు. జమైకా పామరుల భాషలో, నల్లవారి బ్లూస్ పాటల ఫణితిలో కవితలు కట్టారు. మన గిడుగు వారు ప్రజల భాష కోసం పోరాడినట్టే, అక్కడ కూడా ఇంటి భాషకు కావ్య గౌరవం తెచ్చినవారు ఉండవలసి వచ్చింది. ఆ వరుసలో యూనా ముందున్నవారు.

చక్రవర్తి వెంట జెనీవాకు

1935లో టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో అంతర్జాతీయ మహిళా మహాసభ జరిగింది. దానికి యూనా ప్రతినిధిగా వెళ్ళి, వలస దేశాల స్త్రీల స్థితి గురించి, లండనులో నల్లవారు పడుతున్న అవమానాల గురించి మాట్లాడారు. అదే ఏడాది అక్టోబరులో ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీదికి దండెత్తాడు. ఆఫ్రికాలో స్వతంత్రంగా మిగిలిన ఆ కొద్దిపాటి దేశం కోసం నల్లజాతి వారంతా తల్లడిల్లారు. యూనా లండనులోని ఇథియోపియా రాయబార కార్యాలయానికి వెళ్ళి పనికి కుదిరారు.

అప్పటి రాయబారి డాక్టర్ వర్క్‌నె ఇషెటె. ఆయన జీవితానికి మన దేశంతో విడదీయరాని బంధం ఉంది. 1868 నాటి యుద్ధంలో తల్లిదండ్రులకు దూరమైన పసివాడిని ఒక బ్రిటిషు అధికారి భారతదేశానికి తీసుకువచ్చారు. అమృత్‌సర్‌లో పెరిగి, లాహోరులో వైద్యం చదివి, బర్మాలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, ఆపైన స్వదేశం చేరారు. ఆ వృద్ధుని ఆఫీసులో యూనా ఉత్తరాలు, ప్రకటనలు తయారు చేసేవారు.

1936లో రాజ్యం కోల్పోయి ఇంగ్లండు చేరిన చక్రవర్తి హైలీ సెలాసీకి ఆమె కార్యదర్శిగా పనిచేశారు. ఆ జూన్ 30న జెనీవాలో నానాజాతి సమితి ముందు చక్రవర్తి తన దేశానికి న్యాయం చేయమని అర్థించినప్పుడు, ఆ బృందంలో యూనా ఉన్నారు. సమితి సానుభూతి మాటలు చెప్పి ఊరుకుంది. దేశాలన్నీ కలిసి ఒక దేశాన్ని గాలికి వదిలేయడం ఆమె కళ్ళారా చూశారు. మనసు, శరీరం రెండూ అలిసిపోయి ఆ ఏడే జమైకా తిరిగి వెళ్ళిపోయారు.

బిడ్డల కోసం నిధి

జమైకాలో రెండేళ్ళే ఉన్నారు గాని, ఆ రెండేళ్ళలో చేసిన పని ఇరవై ఏళ్ళకు సరిపడేది. రచయితల, పాఠకుల క్లబ్బు పెట్టారు. పత్రికలకు రాశారు. 1938లో 'పోకోమేనియా' నాటకం రంగస్థలం ఎక్కింది. పోకోమేనియా అంటే అక్కడి పేదల ఆరాధనా పద్ధతి. క్రైస్తవమూ ఆఫ్రికా సంప్రదాయమూ కలిసి, డప్పులు, పాటలు, పూనకాలతో సాగుతుంది. మన పల్లెల్లో జాతరనాడు అమ్మవారు పూనిన మనిషిని చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. చదువుకున్న కుటుంబాల వారు దాన్ని మూఢత్వమని చీదరించుకునేవారు. బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన స్టెల్లా అనే యువతి ఆ డప్పుల చప్పుడుకు ఆకర్షితురాలు కావడమే నాటకం కథ. పాస్టరు గారి బిడ్డ అయి ఉండీ, పేదవాడి భక్తిని యూనా ఎగతాళి చేయలేదు.

1938 మే నెలలో జమైకాలో చెరకు తోటల కూలీలు, ఓడరేవు కార్మికులు సమ్మెకు దిగారు. ఫ్రోమ్ అనే చోట కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. దీవి అంతటా అల్లర్లు చెలరేగాయి. ఆ కల్లోలం నడుమ యూనా, ఉపాధ్యాయురాలు ఏమీ బెయిలీ ప్రభృతులు కలిసి జమైకా సేవ్ ది చిల్డ్రన్ ఫండ్‌ను స్థాపించారు. పేద పిల్లల చదువుకు, కనీసావసరాలకు సహాయం చేయడం దాని ఆశయం. పేరును కుదించి 'జామ్‌సేవ్' అనేవారు. బడికి వెళ్ళని పిల్లవాడి వెనుక ఖాళీ కడుపు, చిరిగిన చొక్కా ఉంటాయని ఆమె సాల్వేషన్ ఆర్మీ రోజుల నుంచీ ఎరుగుదురు.

ఆ నిధికి చందాలు పోగుచేయడానికి ఆమె అదే ఏడు మళ్ళీ లండను వెళ్ళారు. వెస్టిండీస్ దుస్థితిని విచారించడానికి ప్రభుత్వం వేసిన మొయిన్ కమిషను ముందు సాక్ష్యం చెప్పారు. ఆ కమిషను నివేదికలో నిజాలు ఎంత ఘాటుగా ఉన్నాయంటే, శత్రువుల ప్రచారానికి పనికి వస్తుందని యుద్ధం ముగిసేవరకు, అంటే 1945 వరకు, పూర్తి పాఠాన్ని బయట పెట్టలేదు.

"హలో, అమ్మా!"

1939లో ఆమె బీబీసీలో కాంట్రాక్టు పని మొదలుపెట్టి, 1941లో పూర్తికాలపు ప్రోగ్రాం అసిస్టెంటుగా నియమితులయ్యారు. ఆ సంస్థలో కార్యక్రమాలు రూపొందించే ఉద్యోగం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఒకప్పుడు లండను ఆఫీసులో స్టెనో పని కూడా దొరకని మనిషి, తొమ్మిదేళ్ళకు ఆ స్థానం చేరుకున్నారు.

యుద్ధంలో పాల్గొనడానికి వెస్టిండీస్ దీవుల నుంచి విమానదళానికి, కర్మాగారాలకు యువకులు వేల సంఖ్యలో వచ్చారు. ఉత్తరం ఇల్లు చేరాలంటే వారాలు పట్టేది, ఓడ మునిగితే అదీ లేదు. యూనా నిర్వహించిన 'కాలింగ్ ది వెస్టిండీస్' కార్యక్రమంలో ఆ కుర్రవాళ్ళు మైకు ముందు నిలబడి ఇంటివాళ్ళకు కబుర్లు చెప్పేవారు. అట్లాంటిక్ సముద్రం అవతల, ఊరికొక రేడియో దగ్గర జనం గుమికూడి వినేవారు. 'నేను క్షేమం' అన్న రెండు ముక్కల కోసం ఆ తల్లులు ఎలా ఎదురు చూసేవారో, దుబాయి నుంచో అమెరికా నుంచో వచ్చే ఫోను కోసం ఎదురు చూసిన మన ఇళ్ళలో వారికి తెలియనిది కాదు. క్రికెట్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్ కూడా ఆ మైకు ముందు మాట్లాడినవారే. 1943లో తీసిన 'హలో! వెస్టిండీస్' అనే చిన్న ఫిల్ములో యూనా కార్యక్రమం నడిపే తీరును నేటికీ చూడవచ్చు.

1942 చివరలో తీసిన ఒక ఫోటో ప్రసిద్ధం. బీబీసీ భారతదేశానికి ప్రసారం చేసిన 'వాయిస్' అనే సాహిత్య కార్యక్రమం సందర్భంగా తీసినది. నిర్వాహకుడు జార్జి ఆర్వెల్. ఆయన పుట్టింది బీహారులోని మోతీహారిలో. ఒకే బల్ల చుట్టూ ఆంగ్ల మహాకవి టి.ఎస్. ఎలియట్, మన ముల్క్ రాజ్ ఆనంద్, మరాఠీ వనిత వేణు చితళే, తరువాత ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ అయిన నారాయణ మేనన్ ఉన్నారు. వారి మధ్య యూనా మార్సన్ కూర్చుని ఉన్నారు. సామ్రాజ్యం ఏలినవారూ ఏలుబడిలో ఉన్నవారూ ఒకే మైకు పంచుకున్న దృశ్యమది.

సైనికుల సందేశాలతో ఆగిపోక, 1943లో ఆమె ఆ కార్యక్రమంలోనే వెస్టిండీస్ రచయితల కవితలకు, కథలకు చోటు కల్పించారు. దాని పేరు 'కరీబియన్ వాయిసెస్'. ఆ దీవుల్లో పుస్తకాలు అచ్చు వేసేవారే అరుదైన రోజుల్లో, రాసినదాన్ని గొంతుతో వినిపించి లోకానికి పరిచయం చేసే వేదిక అయింది. ఆమె తరువాత హెన్రీ స్వాంజీ దానిని పెంచి పెద్ద చేశారు. 1958 దాకా నడిచింది. మద్రాసు నుంచి వలస వెళ్ళిన తండ్రికి ట్రినిడాడ్‌లో పుట్టిన శామ్ సెల్వన్, 1992లో నోబెల్ బహుమతి పొందిన డెరెక్ వాల్కాట్, 2001లో ఆ బహుమతి పొందిన భారత సంతతి రచయిత వి.ఎస్. నైపాల్ అందరూ ఆ కార్యక్రమం ద్వారా వెలుగులోకి వచ్చినవారే. నైపాల్ కొంతకాలం దాని సంపాదకుడిగా కూడా పనిచేశారు.

కూలిన ఆరోగ్యం

ఇంత చేసిన మనిషి లోపల ఎంత అలిసిపోయారో చుట్టూ ఉన్నవారు గమనించలేదు. పగలు ఆఫీసు, రాత్రి బాంబుల భయం, సాయంత్రాలు సెలవు మీద వచ్చిన సైనికులకు తన ఫ్లాటులోనే ఆతిథ్యం. మరోపక్క సహోద్యోగుల్లో కొందరి అసహనం. ఆమె మీద వెళ్ళిన ఫిర్యాదులు ఆ సంస్థ ఫైళ్ళలోనే ఉన్నాయి. ఒక నల్లజాతి స్త్రీ ఆజ్ఞ ఇస్తే పుచ్చుకోవడం కొందరికి మింగుడుపడలేదు. తనవారిలో కూడా గిట్టనివారు లేకపోలేదు.

1945లో 'టువర్డ్స్ ది స్టార్స్' సంపుటి వెలువడింది. ఆ మరుసటి ఏడే ఆమెకు తీవ్రమైన మనోవ్యాధి వచ్చింది. ఆసుపత్రిలో ఉంచి, 1946లో జమైకా పంపించారు. ఐదేళ్ళ పూర్తికాలపు సర్వీసు అలా ముగిసింది. వీడ్కోలు సభలతో, పూలదండలతో పదవీ విరమణ చేసిన మనకు, అలాంటి ముగింపు ఎంత బాధాకరమో వేరే చెప్పాలా?

కోలుకున్నాక ఆమె మళ్ళీ పనిలోకే వెళ్ళారు. 1949లో కింగ్‌స్టన్‌లో పయనీర్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ బాధ్యత తీసుకుని, జమైకా రచయితల పుస్తకాలు సామాన్యుడు కొనగల ధరకు తెచ్చారు. 1950లలో అమెరికాలోని వాషింగ్టన్‌లో కొన్నేళ్ళు గడిపారు. అక్కడ ఒక దంత వైద్యుణ్ణి పెళ్ళాడారు గాని, ఆ కాపురం నిలవలేదు. తిరిగి వచ్చి మళ్ళీ పేద పిల్లల సేవలో దిగారు. 1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్రమైంది. ఆమె కోరుకున్నది కళ్ళతో చూశారు. 1964లో సంఘసేవా సదస్సుకు ఇజ్రాయెల్‌లోని హైఫా నగరానికి కూడా వెళ్ళివచ్చారు. 1965 మే 6న కింగ్‌స్టన్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి వయసు 60 ఏళ్ళు మాత్రమే.

ఆలస్యంగా దక్కిన గుర్తింపు

మరణించాక మూడు దశాబ్దాల పాటు ఆమెను తలుచుకున్నవారు తక్కువ. 'కరీబియన్ వాయిసెస్' పేరు చెప్పగానే తరువాత వచ్చినవారి పేర్లే వినిపించేవి. 1998లో డిలియా జారెట్ మెకాలే ఆమె సమగ్ర జీవితచరిత్ర రాశారు. 2009లో లండనులోని కాంబర్‌వెల్ పేటలో ఆమె నివసించిన ఇంటికి నీలి ఫలకం అమర్చారు. 2022లో బీబీసీయే ఆమె మీద డాక్యుమెంటరీ తీసింది. 2023లో దక్షిణ లండనులో ఆమె పేరిట ఒక ప్రజా గ్రంథాలయం తెరుచుకుంది. అద్దె గదుల తలుపులు మూసుకున్న ఊరిలోనే, ఆమె పేరున్న తలుపు నేడు అందరికీ తెరిచి ఉంది.

ఇందులో మనకు సంతోషమూ ఉంది, హెచ్చరికా ఉంది. ఆమె సేవను ఫైళ్ళు దాచిపెట్టినందువల్లనే ఒక చరిత్రకారిణి దాన్ని వెలికి తీయగలిగింది. మన ఆఫీసుల్లో కూడా ఒక గ్రంథాలయం మొదలుపెట్టినవారు, తోటి ఉద్యోగి చనిపోతే వారి పిల్లల చదువుకు చందా పుస్తకం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగినవారు, సంఘానికి మొదటి రసీదు పుస్తకం అచ్చు వేయించినవారు ఉన్నారు. వారిలో కొందరు అనారోగ్యంతో, పలకరించేవారు లేక ఇళ్ళలో ఉన్నారు. కొందరి పేర్లు మన తరువాత చెప్పేవారు ఉండరు. శతాభిషేకం దాకా ఆగనక్కరలేదు. జ్ఞాపకశక్తి నిలకడగా ఉండగానే వారి సంగతులు నాలుగు పేజీలు రాసి సంఘానికి అందజేయడం, వీలైతే ఒక సాయంత్రం వారి ఇంటికి వెళ్ళి కూర్చుని రావడం మనం చేయగలిగిన పనులు. పిల్లలూ, మనవలూ, మీరు కూడా మీ ఇంటి పెద్దవారిని అడిగి, వారు చెప్పినది రాసి పెట్టండి.